ఏ బాధా లేనప్పుడే చేయించుకోవాల్సిన పరీక్ష

“నాకే ఇబ్బందీ లేదు, ఈ టెస్ట్ ఎందుకు?” గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ గురించి, విదేశాలకి కొత్తగా వచ్చిన మన ఆడవాళ్లు ఎక్కువమంది అడిగేది ఇదే. ఈ క్యాన్సర్‌కి దాదాపు ప్రతిసారీ కారణం కలయిక ద్వారా సోకే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్). చాలామందిలో అది ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా తిష్ఠ వేస్తే కణాలు మారడం మొదలవుతుంది. క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా 15-20 ఏళ్లు పడుతుంది. ఆ వ్యవధిలో పట్టుకోవడానికే ఈ పరీక్ష.

ఇంగ్లండ్‌లో 25-64 ఏళ్లవాళ్లకి పిలుపు వాళ్లే పంపుతారు, కానీ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేరు నమోదై ఉండాలి. అమెరికాలో మీరే పూనుకోవాలి: 21-29 మధ్య మూడేళ్లకోసారి పాప్ స్మియర్ (ముఖద్వారం కణాలు తీసి చూసే పరీక్ష), 30 దాటాక హెచ్‌పీవీ టెస్ట్ అయితే ఐదేళ్లకోసారి. ఆస్ట్రేలియాలో 25-74, ఐదేళ్లకోసారి. నమూనా మీరే స్వాబ్‌తో తీసుకోవచ్చు.

పీరియడ్స్ లేని రోజు చూసుకోండి. ముందు రెండు రోజులు కలయిక, లోపల పెట్టే క్రీములు, టాంపాన్లు వద్దు. లేకపోతే కణాలు సరిగ్గా కనబడక మళ్లీ రమ్మంటారు. లేడీ నర్సు కావాలని బుకింగ్ అప్పుడే చెప్పండి. స్పెక్యులమ్ (లోపల చూడటానికి యోనిలో పెట్టే పరికరం) చిన్న సైజుది అడగొచ్చు, మొహమాటపడకండి.

“హెచ్‌పీవీ పాజిటివ్” అని వస్తే అది క్యాన్సర్ కాదు. భర్తని నిలదీయడానికి సాక్ష్యమూ కాదు. వైరస్ ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండగలదు. కణాల్లో తేడా ఉంటే కాల్పోస్కోపీకి పంపుతారు: ముఖద్వారం మీద పలుచటి ఎసిటిక్ యాసిడ్ అద్ది, భూతద్దంలాంటి పరికరంతో చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లబడుతుంది, అక్కడ చిన్న ముక్క తీస్తారు. ఆ ముక్క రిపోర్టులో సీఐఎన్ 1 (కణాల్లో స్వల్ప మార్పు) అని వస్తే చాలావరకు తగ్గిపోతుంది, కనిపెట్టి ఉంటారు. సీఐఎన్ 3 (తీవ్రమైన మార్పు) అయితే ఆ భాగం తీసేస్తారు. కొంప ముంచేది రిపోర్టు కాదు, ఆ తర్వాతి అపాయింట్‌మెంట్ ఎగ్గొట్టడం. అమెరికాలో స్క్రీనింగ్ ఉచితమైనా కాల్పోస్కోపీకి బిల్లు రావచ్చు, ఇన్సూరెన్స్‌వాళ్లని ముందే అడగండి.

పిల్లల హెచ్‌పీవీ టీకా సంగతి: అమెరికాలో 2025 దాకా 15 ఏళ్లలోపు మొదలుపెడితే 6-12 నెలల తేడాతో రెండు డోసులు, ఆ తర్వాతైతే మూడు ఉండేవి; ఇప్పుడెన్నో డాక్టర్‌ని అడగండి. మగపిల్లలకీ వేస్తారు. ఇండియాలో వేసిన డోసుల కార్డు తెచ్చుకోండి, మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు. టీకా అన్ని రకాల హెచ్‌పీవీనీ ఆపదు కాబట్టి, వేయించుకున్నవాళ్లూ స్క్రీనింగ్ మానకూడదు.

కలయిక తర్వాత, పీరియడ్స్ మధ్యలో, లేదా మెనోపాజ్ తర్వాత రక్తం కనిపిస్తే మాత్రం పోయినసారి రిపోర్టు నార్మల్ అని ఊరుకోకుండా, స్క్రీనింగ్ తేదీ కోసం ఆగకుండా, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.