బికినీ కిల్ కచేరీల్లో అమ్మాయిలను ముందుకు పిలవడం మగవాళ్ల మీద వివక్ష కాదా?

నా లెక్కలో కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఒలింపియా అనే ఊళ్లో 1990లో మొదలైన పంక్ బ్యాండ్ బికినీ కిల్. పంక్ అంటే వేగంగా, గట్టిగా వాయించే ఒక రకం రాక్ సంగీతం. గాయని కాథ్లీన్ హానా స్టేజీ మీద నుంచే అమ్మాయిలను ముందుకు రమ్మనేది, మగవాళ్లను వెనక్కి జరగమనేది. కారణం తెలియాలంటే అప్పటి పంక్ షోలు ఎలా ఉండేవో చూడాలి.

స్టేజీ ముందు జాగా అంతా ఒకరినొకరు గుద్దుకుంటూ గెంతే మగపిల్లలదే. ఆ తోపులాటలో దెబ్బలు తగిలి, ఒంటిమీద చేతులు పడి, అమ్మాయిలు వెనక గోడ వారకు చేరేవారు. టిక్కెట్టు మాత్రం ఇద్దరికీ ఒకటే! పాడేవాళ్లకూ సుఖం లేదు. బట్టలు విప్పమని కేకలు, బూతులు, ఒక్కోసారి మీదికి విసిరే వస్తువులు. ముందు ఆడవాళ్లు నిలబడితే చూసేవాళ్లకు చోటు దొరికేది, పాడేవాళ్లకు కాస్త అండ దొరికేది. పాటలు అచ్చేసిన కాగితాలు కూడా హానా అమ్మాయిలకే పంచేది.

మగవాళ్లను షోకి రావద్దనలేదు, నాలుగడుగులు వెనక్కి జరగమంది, అంతే. నిజానికి అల్లరి చేసేవాణ్ణి బయటికి పంపాల్సింది నిర్వాహకులు. వాళ్లు ఊరుకుంటే, మధ్యలో పాట ఆపి ఆ పని కూడా గాయనే చూసుకోవాల్సి వచ్చేది.