క్యారేజీ కట్టడం మానేయండమ్మా

ప్రశ్న: మాది విశాఖపట్నం, మల్కాపురం. నాకు 41 ఏళ్ళు. మా ఆయన్ని కాంట్రాక్టరు ఎనిమిది నెలల క్రితం పనిలోంచి తీసేశాడు. చుట్టుపక్కలవాళ్ళకి తెలియకూడదని ఆయన ఇప్పటికీ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బయల్దేరతారు. సాయంత్రం దాకా బీచ్‌రోడ్డులో కూర్చుని వస్తారు. నా గాజులు బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి. అత్తగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. పాప ఇంటర్ చదువుతోంది. హుద్‌హుద్ తుఫానులో ఇంటి రేకులు ఎగిరిపోయినప్పుడు కూడా నేనింత కుంగిపోలేదు. మొన్న చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే నోరు పెగల్లేదు. ‘నీకు విశ్వాసం చాలదు’ అంది ఒకావిడ. దేవుడు మమ్మల్ని మర్చిపోయాడా?

జవాబు: అమ్మా, ముందు ఆవిడ మాట పక్కన పెట్టేయండి. దేవుడు మర్చిపోయాడా అని అడగడమే అవిశ్వాసమైతే, బైబిల్లో 77వ కీర్తన పాడిన ఆసాపు కూడా అవిశ్వాసే. రాత్రంతా చాపిన చెయ్యి దించలేదాయన. కంటి మీద కునుకు లేదు. దయ చూపడం దేవుడు మానేశాడా అని సూటిగానే అడిగాడు. పాత రోజులు తలుచుకుని తేరుకున్నది ఆ తర్వాతే. మన సాక్ష్యాల్లో ఈ వరస కనపడదు. అన్నీ సర్దుకున్నాకే కదా మైకు పట్టుకుంటాం!

హుద్‌హుద్ సంగతి మీరు యథాలాపంగా రాశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రాత్రి మీరు ఎవరింట్లో తలదాచుకున్నారు? కరెంటు లేని ఆ రోజుల్లో బిందెడు నీళ్ళు ఎవరిచ్చారు? పాప పాలకోసం క్యూలో ఎవరు నిలబడ్డారు? రేకులు మళ్ళీ వేయడానికి ఎవరు నిచ్చెనెక్కారు? ఒక నోటుబుక్కులో రాయండి. ‘దేవుడు మేలు చేశాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు. ‘పక్కింటి మామ్మ, రెండు బిందెలు’ అని పద్దు రాసినట్టు రాయండి.

ఎబెనెజరు అని మనవాళ్ళు ఇళ్ళకి పేరు పెట్టుకుంటారు కదా. బైబిల్లో సమూయేలు ప్రవక్త మిస్పా, షేను అనే చోట్ల మధ్య నిలబెట్టిన రాయి అది. ‘సహాయపు రాయి’ అని అర్థం. ఇంతవరకు దేవుడు సాయం చేశాడన్నాడే గానీ, ఇకమీదట ఏ కష్టమూ రాదని సమూయేలు అనలేదు. మీరూ అంతవరకే రాయండి. ఈ ఎనిమిది నెలలూ బాగున్నాయని అబద్ధం రాయనక్కర్లేదు.

రాస్తుంటే మీకే ఒకటి తడుతుంది. అప్పుడు రేకులు ఎగిరిపోవడం వీధంతా చూసింది, కాబట్టి నిచ్చెన పట్టుకొచ్చారు. ఈసారి ఏం ఎగిరిపోయిందో ఎవరి కంటా పడకుండా మీరు రోజూ క్యారేజీ కడుతున్నారు. పుట్టింటివాళ్ళకైనా చెప్పినట్టు మీ ఉత్తరంలో లేదు.

అలాగని మీ ఆయన్ని దెప్పకండి. పని పోయినవాళ్ళకి ఇంట్లో చెప్పడంకన్నా వీధిలో తలెత్తుకోవడమే కష్టం. పొద్దుటినుంచీ సముద్రం చూస్తూ కూర్చోవడం ఆయనకి మాత్రం సరదానా? మీలో ఎవరికైనా బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే ఆలస్యం చేయకుండా 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక డబ్బు సంగతి. డయాలసిస్ ఎన్టీఆర్ వైద్యసేవలో ఉంది, అదే మనం ఆరోగ్యశ్రీ అనేవాళ్ళం. ఇప్పటికీ చేతి డబ్బు పెడుతుంటే ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని కలిసి, రేషన్ కార్డు చూపించి అడగండి. గాజుల గడువు దాటకముందే బ్యాంకుకి వెళ్ళి, వడ్డీ కట్టి తిరగరాయించుకోవచ్చేమో కనుక్కోండి.

ఈ రాత్రి పాప పడుకున్నాక ఆ నోటుబుక్కు మీ ఆయన ముందు పెట్టండి. ఆయనకి గుర్తున్నవీ రాయించండి, మీరు మర్చిపోయినవి తప్పకుండా ఉంటాయి. తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్కరికి ఫోన్ చేయండి. మొదటి పేజీలో మొదటి పేరు ఎవరిదైతే వాళ్ళకే.