ఫోను ఎత్తే ఉద్యోగం

బుజ్జీ,

పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్) ఏజెన్సీలో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. "ఇంతకీ అక్కడ ఏం చేస్తారు బావగారూ?" అని కూడా అడిగింది. ముప్పై ఏళ్లు అదే పని చేసి, ఒక్క ముక్కలో చెప్పలేక నీళ్లు నమిలాను.

మొదట్లో నీచేత పేపర్లకు పంపే ప్రకటనలు, అంటే ప్రెస్‌నోట్లే రాయిస్తారు. తేలిగ్గా తీసుకోకు. సాయంత్రం పూట డెస్కులో కూర్చున్న సబ్‌ఎడిటర్‌కి ఊపిరాడదు. నీ నోటు "అంగరంగ వైభవంగా" అని మొదలైందో, అక్కడితో సరి. ఎవరు, ఎక్కడ, ఏం చేశారో రెండు వాక్యాల్లో తేల్చెయ్. ఎండీగారి పేరు మూడో పేరాకు జారితే ఆయన నొచ్చుకుంటారు. సర్దిచెప్పుకోవడమూ నీ జీతంలో భాగమే.

ఇంగ్లిష్ నోటును తెలుగు చేయించి పంపేయడం మనవాళ్లకు పాత జబ్బు. తెలుగులో విడిగా రాయి. వరంగల్ విలేకరికి మీ కంపెనీ టర్నోవరుతో ఏం పని? అక్కడి పిల్లలకు ఎన్ని ఉద్యోగాలొస్తాయో చెప్పు, వేసుకుంటాడు. 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టి పంపితే ఆ ఫాంటు లేనిచోట పిచ్చిగీతలే కనిపిస్తాయి. ఎక్కడైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో కొట్టి మెయిల్లోనే పెట్టు. ఫొటో కింద ఎడమ నుంచి వరుసగా పేర్లు రాయి, ఇంటిపేర్లతో సహా.

ఇదంతా నెలా రెండు నెలల్లో వచ్చేస్తుంది. నాకు రావడానికి ఏళ్లు పట్టింది వేరే ఉంది.

అప్పట్లో నేనో ఫ్యాక్టరీలో పీఆర్వోని. ఓ రాత్రి బాయిలర్ దగ్గర ప్రమాదం జరిగి ఇద్దరికి ఒళ్లు కాలింది. పైనుంచి "నోరు మెదపొద్దు" అన్నారు. విలేకరుల ఫోన్లు పడలేక రిసీవరు తీసి బల్ల మీద పెట్టేశాను. తెల్లారి ఓ పేపర్లో ఐదుగురు పోయారని వచ్చింది. అడుగున "యాజమాన్యం అందుబాటులోకి రాలేదు" అని ఒక ముక్క. అందుబాటులోకి రానిది నేనే. గేటు దగ్గర ఒకావిడ ఆ పేపరు పట్టుకుని కూలబడిపోయింది. వాళ్లాయనకు గోరంత దెబ్బ కూడా తగల్లేదు.

తర్వాతెప్పుడో అమెరికాలో పీఆర్ వృత్తికి ఆద్యుల్లో ఒకడైన ఐవీ లీ గురించి చదివాను. 1906లో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోతే, పెన్సిల్వేనియా రైల్‌రోడ్ తరఫున ఆయనే ప్రకటన రాసిచ్చి, విలేకరులను ప్రమాదస్థలికి పంపించాడు. న్యూయార్క్ టైమ్స్ ఆ ప్రకటనను ఉన్నదున్నట్టు అచ్చేసింది. మన ప్రెస్‌నోటుకు మూలం అదేనంటారు. తర్వాత ఆయన పనులన్నీ నాకు నచ్చవులే, అది వేరే కథ.

కాబట్టి చెడ్డ కబురున్న రోజే ముందు ఫోనెత్తు. "ప్రస్తుతానికి తెలిసింది ఇంతే, ఏడింటికి మళ్లీ చేస్తాను" అను. కొత్త సంగతేమీ లేకపోయినా ఏడింటికి చెయ్యి. ఏజెన్సీలో క్లయింటు వద్దంటే? అబద్ధం మాత్రం నీ నోటితో చెప్పకు. క్లయింట్లు మారతారు, ఆ విలేకరి నంబరు మాత్రం నీ ఫోన్లోనే ఉంటుంది.

ప్రెస్‌మీట్లలో విలేకరులకు డబ్బు కవర్లు పంచమంటే మీ సీనియర్‌నే పంచమను.

మొదటి నోటు రాయగానే నాకు పంపు. ఎర్ర పెన్ను ఇంకా పారెయ్యలేదు.

నీ పెదనాన్న