రాజ్యాంగంలో రాస్తే పత్రికలకు స్వేచ్ఛ వచ్చేసినట్టేనా? భూటాన్‌లో నేను చూసింది

ప్రజాస్వామ్యం కొత్తగా వచ్చిన చిన్న దేశాల్లో పత్రికలు నిజంగా స్వేచ్ఛగా రాయగలవా అని అడిగారు. రాయగలవు, కానీ జీతాలకు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందన్న దాన్ని బట్టి ఉంటుందండి. నేను భూటాన్‌లో వాంగ్దూ దగ్గర పునాత్సాంగ్‌ఛు జలవిద్యుత్ ప్రాజెక్టులో సివిల్ ఇంజినీరుగా కొన్నేళ్లు పనిచేశాను. అక్కడ చూసిందే చెబుతాను.

రాజే ముందుకొచ్చి ఎన్నికలు పెట్టించిన దేశమది. 2008 మార్చిలో జరిగిన తొలి ఎన్నికల్లో 47 స్థానాలకు 45 ఒకే పార్టీకి వచ్చాయి. ప్రతిపక్షంలో మిగిలింది ఇద్దరే. ఆ ఇద్దరూ ఎన్ని విషయాలని అడగగలరు? దాంతో ప్రభుత్వాన్ని నిలదీసే పని పత్రికల మీద పడింది. అప్పటికి వాటి వయసెంతని! 2006 దాకా ప్రభుత్వం మొదలుపెట్టిన 'కుయెన్సెల్' ఒక్కటే ఉండేది. ఆ ఏడాది రెండు ప్రైవేటు పత్రికలు వచ్చాయి, తర్వాత కొద్ది ఏళ్లలోనే మొత్తం పది దాటాయి.

మా సైటు ఆఫీసుకు పేపర్లు వచ్చేవి. నా ఉద్యోగం అలాంటిది కాబట్టి ముందు టెండర్ నోటీసులు చూసేవాణ్ణి. అలా చూస్తూ ఉంటేనే అసలు సంగతి తెలిసింది. టెండర్లు, ఉద్యోగ ప్రకటనలు, వేలం నోటీసులు, దాదాపు అన్నీ ప్రభుత్వానివే. ఏడెనిమిది లక్షల జనాభా ఉన్న దేశంలో పేపరు అమ్మితే కాగితం ఖర్చు కూడా రాదు. ప్రకటనలిచ్చే పెద్ద ప్రైవేటు కంపెనీలూ తక్కువే. అంటే ఎవరినైతే ప్రశ్నించాలో వాళ్లే పత్రికకు అన్నం పెడుతున్నారు.

2012లో అక్కడ, భారత్ నుంచి సరుకులు కొనడానికి కావాల్సిన మన రూపాయలకు కొరత వచ్చి ప్రభుత్వం ఖర్చులు తగ్గించింది. ప్రకటనలూ తగ్గాయి. ఆ ఏడాదే 'ది భూటానీస్' అనే కొత్త పత్రిక గ్యెల్పోషింగ్ అనే ఊళ్లో ఇళ్ల స్థలాలు అక్రమంగా కేటాయించారన్న ఆరోపణ మీద వదలకుండా రాసింది. దానికి ప్రకటనలు ఇవ్వొద్దని సమాచార మంత్రిత్వ శాఖ నుంచి సర్క్యులర్ వెళ్లింది. ఒక్క విలేకరిని అరెస్టు చేయక్కర్లేదు, ఒక్క వార్త కొట్టేయక్కర్లేదు. ఆ స్థలాల కేసులో 2013లో కోర్టు స్పీకరుకూ హోంమంత్రికీ శిక్ష వేసింది. పత్రికలు పట్టుబట్టి ఉండకపోతే ఆ విషయం అంత మంది నోళ్లలో నానేదని నేననుకోను.

మన మండల విలేకరులకు జీతం సరిగ్గా ఇవ్వకుండా యాడ్స్ టార్గెట్లు పెట్టడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. యాడ్ ఇచ్చిన నాయకుడి మీద ఆ కుర్రాడు ఏం రాస్తాడు?

డబ్బు కాకుండా ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నాతో పనిచేసిన భూటాన్ సహోద్యోగి మేనల్లుడు థింఫూలో విలేకరి. ఎవరి మీద రాసినా వాళ్లు తనకో తన యజమానికో చుట్టమో, ఊరివాళ్లో అయ్యేవారట. అధికారులు టీ ఇచ్చి కూర్చోబెట్టి అన్నీ చెప్పి, పేరు మాత్రం వేయొద్దనేవారట. చివరికి అతను విసిగిపోయి వేరే ఉద్యోగం చూసుకున్నాడు.

అయినా ఆ పత్రికల విలువ నాకు స్వయంగా తెలుసు. 2013 జులైలో మా ఆనకట్ట దగ్గర కుడివైపు కొండ జారింది. క్యాంపులో ఒక్కొక్కరిదీ ఒక్కో పుకారు, ఇంటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు, ఒకటే టెన్షన్. పని ఎన్నేళ్లు వెనక్కి పోతుంది, ఖర్చు ఎంత పెరుగుతుంది అని అందరి ముందూ అడిగింది పత్రికలే. ఆ వార్తలే మా ఆవిడకు ఫోన్లో చదివి వినిపించేవాణ్ణి.

రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే అంతర్జాతీయ సంస్థ ఏటా ఇచ్చే పత్రికా స్వేచ్ఛ పట్టికలో భూటాన్ 2022లో 33వ స్థానంలో ఉండేది. 2024కి 147కి పడిపోయింది. సమాచార హక్కు వాళ్ల రాజ్యాంగం 7వ అధికరణంలో ఉంది. దాని బిల్లును 2014లో నేషనల్ అసెంబ్లీ ఆమోదించింది కూడా, కానీ చట్టం కాలేదు. మనకు ఆ చట్టం 2005 నుంచి ఉంది. భూటాన్ మిత్రులు ఎవరైనా అడిగితే, ముందు ఆ బిల్లు కోసం, ఆ తర్వాత ప్రభుత్వ ప్రకటనలు ఏ లెక్కన ఎవరికి ఇస్తున్నారో బయటపెట్టే నిబంధన కోసం పట్టుబట్టమనే చెబుతాను.