వార్టన్ ఎర్లీ డెసిషన్: మా బాబుకి చాన్స్ ఎంత సార్?

రాణిగంజ్‌లో పెయింట్స్, హార్డ్‌వేర్ షాపు నడిపే ఒక నాన్న గారు పెద్ద మెసేజ్ పెట్టారు, కొంచెం కుదించి ఇక్కడ పెడుతున్నా. "మా బాబు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. టెన్త్‌లో 10 జీపీఏ, ఫస్టియర్‌లో 470కి 461. అమెరికా కాలేజీల కోసం రాసే శాట్ పరీక్షలో 1490, అందులో మ్యాథ్స్ 780. ఐఐటీ వద్దంట, బిజినెస్ చదువుతాడంట, అదీ అమెరికాలో వార్టన్‌లోనే అంట. ఎర్లీ డెసిషన్‌లో వేస్తే చాన్స్ మూడింతలు ఉంటదని ఫ్రెండ్ చెప్పిండంట. ఒలింపియాడ్ సర్టిఫికెట్లు ఎనిమిది ఉన్నయి, అబాకస్ ఉంది, కరాటేలో బ్రౌన్ బెల్ట్. సెలవులొస్తే షాపుకొచ్చి ఉద్దెర ఖాతాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తుంటాడు. ఎంత శాతం చాన్స్ ఉందో చెప్పండి సార్. ఖర్చు సంగతి ఎట్లనో చూస్తా, షాద్‌నగర్ దగ్గర 200 గజాల ప్లాట్ ఉంది."

నమస్తే సార్. మీరు శాతం అడిగారు కాబట్టి ముందు అదే చూద్దాం. వార్టన్ అనేది యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో (అందరూ పెన్ అంటారు) ఒక భాగం, 1881లో పెట్టారు, అక్కడ ఇంటర్ అయ్యాక డైరెక్ట్‌గా బిజినెస్ డిగ్రీలో చేరొచ్చు. (మన గచ్చిబౌలి బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ అలా కాదు, అక్కడ డిగ్రీ అయ్యాకే, ఇంటర్ పిల్లల్ని తీసుకోరు. వారానికి ఒక్కరన్నా ఇది అడుగుతారు కాబట్టి చెప్పేశా.) పెన్‌కి ఈ మధ్య ఏటా 65 వేలకు పైనే అప్లికేషన్లు వస్తున్నాయి, సీట్లేమో 2400 దాకా. మొత్తం మీద వందకి ఐదారుగురికి వస్తుంది, ఎర్లీ డెసిషన్‌లో, అంటే నవంబర్ 1 కల్లా ముందుగా, సీటిస్తే అక్కడే చేరతానని మాటిచ్చి వేసినవాళ్లలో, పద్నాలుగు పదిహేను మందికి వస్తుంది. సీట్లలో దాదాపు సగం ఎర్లీలోనే నిండిపోతాయి. బాబు ఫ్రెండ్ చెప్పిన "మూడింతలు" ఇక్కడి నుంచి వచ్చిందే, లెక్క తప్పేం కాదు.

కానీ ఆ పదిహేను మంది ఎవరో కూడా చూడాలి కదా. ఆటల్లో కోచ్‌లు ముందే మాట్లాడి పెట్టుకున్న పిల్లలుంటారు, తల్లో తండ్రో అదే పెన్‌లో చదివినవాళ్లుంటారు, నైన్త్ క్లాస్ నుంచే స్కూల్ కౌన్సెలర్ పక్కన కూర్చోబెట్టుకుని ఫైలు తయారు చేయించిన పిల్లలుంటారు. వీళ్లంతా నవంబర్ 1 కల్లా రెడీగా ఉంటారు కాబట్టి ఎర్లీలో వేస్తారు, అందుకే ఆ శాతం అంత కనిపిస్తుంది. మన బాబు నవంబర్ 1న వేసినంత మాత్రాన వాళ్ల చాన్స్ మనవాడికి అంటుకోదు. ముహూర్తం మంచిదైతే సరిపోదు కదా సార్, పెళ్లికొడుకు కూడా కావాలి.

ఇక ఫైలు. 461 మంచి మార్కే, నేను తక్కువ చేయట్లేదు, కానీ హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీల్లో 460 దాటినవాళ్లు సెక్షన్‌కి ఎంతమంది ఉంటారో మీకూ తెలుసు, పైగా అందులో సంస్కృతం 99 ఉండే ఉంటుంది, ఆ 99 సంగతి మనం మనం అనుకునేదే. వార్టన్ వాళ్లకి ముఖ్యం క్యాల్కులస్, అది మన ఎంపీసీలో ఉంది, 1బీలో డిఫరెన్షియేషన్, 2బీలో ఇంటిగ్రేషన్, ఇది ప్లస్. శాట్ దగ్గర కొంచెం పని ఉంది. పెన్‌లో చేరినవాళ్లలో మధ్య సగం మంది స్కోర్లు సుమారు 1500 నుంచి 1570 మధ్య ఉంటాయి, మనవాడు 1490, అంటే గేటు దగ్గరే ఉన్నాడు, లోపలికి రాలేదు. మ్యాథ్స్ 780 బాగుంది, రీడింగ్ రైటింగ్ 710 దగ్గర ఆగింది. వాళ్లు రెండు సెక్షన్లలో వేరే వేరే రోజు వచ్చిన బెస్ట్ స్కోర్లు కలిపి చూస్తారు, కాబట్టి అక్టోబర్ శాట్‌కి మ్యాథ్స్ జోలికి వెళ్లకుండా ఇంగ్లిష్ ఒక్కటే పట్టుకుంటే 740, 750కి వెళ్లొచ్చు. రోజూ ఒక గంట ఇంగ్లిష్‌లో పెద్ద పెద్ద వ్యాసాలు చదవమనండి, కోచింగ్ మెటీరియల్ కాదు.

ఒలింపియాడ్లు ఎనిమిది అన్నారు. మీరు పంపిన ఫొటోల్లో చూశా, ఏడు స్కూల్ లెవెల్లో డబ్బు కట్టి రాసేవి, మెడల్ కూడా వాళ్లే ఇస్తారు. ఏమనుకోకండి, వాటిని చూసి అక్కడ ఎవ్వరూ ఆగరు. అబాకస్ సెకండ్ క్లాస్‌లోది, తీసేయండి. కరాటే ఇంకా చేస్తున్నాడంటే ఉంచుదాం, మానేసి నాలుగేళ్లయితే వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. మీ మెసేజ్‌లో ఒకే ఒక్క లైను, అదీ చివర్లో, ఏదో చెప్పాలి కాబట్టి చెప్పినట్టు రాశారు చూడండి, ఉద్దెర ఖాతాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తుంటాడు అని. దాని గురించి ఫోన్‌లో అడిగితే మీరు నవ్వి "అదేముంది సార్, ఊకె టైంపాస్" అన్నారు. తర్వాత మీరు పంపిన ఆ ఎర్ర బైండు పుస్తకం ఫొటో, పక్కన బాబు ఎక్సెల్ షీటు ఫొటో, నేను రెండు సార్లు జూమ్ చేసి చూశా. పుస్తకంలో మీరు రాసింది "పెద్ద యాదగిరి 18,400, చిన్న యాదగిరి 9,250" ఇంతే. బాబు షీటులో ఇంకో కాలమ్ ఉంది, "ఓనర్ ఇచ్చిండా?" అని. అంటే పెయింటర్‌కి ఇంటి ఓనరు డబ్బులిచ్చాడా లేదా అని ప్రతి పేరు ఎదురుగా రాసుకున్నాడు. పెయింటర్లు ఎగ్గొట్టట్లేదు, సెకండ్ కోటు అయ్యేదాకా ఓనరు చివరి ముక్క డబ్బు ఆపుతున్నాడు, అందుకే మన ఉద్దెర ఆగుతోంది అని పదహారేళ్ల పిల్లాడు పట్టుకున్నాడు సార్! పట్టుకుని ఊరుకోలేదు, డబ్బాలన్నీ ఒకేసారి ఉద్దెర ఇవ్వకుండా ముందు పుట్టీ, ప్రైమర్, ఫస్ట్ కోటుకి సరిపడా ఇచ్చి, అందులో సగం పైసలొచ్చాక మిగతా డబ్బాలు ఇద్దామని మీకు చెప్పాడు, మీరు ముందు తిట్టారు, తర్వాత చేశారు. పోయిన దసరాకి నాలుగు లక్షల దాకా ఆగిన ఉద్దెర ఈ ఏడు లక్షన్నరకి దిగిందని మీ నోటితోనే అన్నారు. దీన్నే మీరు టైంపాస్ అంటున్నారు.

వార్టన్‌కి వేసేవాళ్లు ఒక ప్రత్యేక ఎస్సే రాయాలి, నీకు పట్టిన ఒక సమస్య ఏంటి, మా దగ్గరి చదువు దానికెలా పనికొస్తుంది అన్న తరహాలో అడుగుతారు. చాలామంది పిల్లలు దానికి ప్రపంచ పేదరికం, వాతావరణ మార్పు అని మొదలుపెట్టి రెండో పేరాలోనే ఊపిరి ఆగి పడిపోతారు. మనవాడి దగ్గర రాణిగంజ్ ఉంది. పెయింటర్‌కి బ్యాంకు లోన్ రాదు, షాపు ఉద్దెరే వాడి లోన్, ఓనరు ఆలస్యం చేస్తే ఆ భారం గల్లా పెట్టె దాకా వస్తుంది, ఇది అసలైన బిజినెస్ సమస్య. కామన్ యాప్ అని, అమెరికాలో చాలా కాలేజీలకి కలిపి నింపే ఒకే ఫారం ఉంటుంది, అందులో యాక్టివిటీలకి పది గళ్లే ఉంటాయి, ఒక్కో దాని వివరణకి 150 అక్షరాలే. మొదటి గడిలో షాపు రావాలి. ఒక్క జాగ్రత్త, ఎవరో కన్సల్టెన్సీ వాళ్లతో రాయించి "ఫైనాన్షియల్ ఇంక్లూజన్ స్టార్టప్ ఫౌండర్" అని పెట్టించకండి, పిల్లాడు చేసింది చేసినట్టు ఉండాలి, పుట్టీ అంటే పుట్టీ.

అయితే దీన్ని చూసి చాన్స్ పెరిగిపోయిందనుకోకండి. శాతంలో అడిగితే నా దగ్గర అంకె లేదు, ఉందని చెప్పేవాడి దగ్గరికి వెళ్లకండి. మాటల్లో చెప్తా: మీరు మొదట పంపిన ఫైలుతో అయితే దాదాపు లేదు. షాపు సంగతి సరిగ్గా రాసి, శాట్ 1530 దాకా వెళ్తే, టీచర్ల లెటర్లు బాగా వస్తే, అప్పుడు "తక్కువ" అంటా. వార్టన్ దగ్గర తక్కువ అంటేనే మంచి మాట.

లెటర్ల గురించి అన్నా కదా, మన దగ్గర పిల్లలు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. కాలేజీ తరఫున ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పట్టిక), కౌన్సెలర్ రిపోర్ట్, స్కూల్ ప్రొఫైల్ (కాలేజీ గురించిన వివరాలు) వెళ్లాలి. మన కార్పొరేట్ కాలేజీలో కౌన్సెలర్ అంటే ఫీజు బాకీ అడిగే సార్. పోయినేడు నా స్టూడెంట్ ఒకడికి, కాలేజీ పేరు చెప్పను, ప్రిన్సిపాల్ ఆఫీసు నుంచి "ఈ అబ్బాయి నడవడిక సంతృప్తికరం" అని రెండు లైన్ల బోనఫైడ్ ఇచ్చి పంపారు, డెడ్‌లైన్‌కి నాలుగు రోజుల ముందు. అందుకే ఇవాళే మొదలుపెట్టండి. మ్యాథ్స్ లెక్చరర్ దగ్గరికి బాబునే పంపండి, మీరు వెళ్లకండి. కాలేజీ అఫీషియల్ ఈమెయిల్ నుంచే అప్‌లోడ్ చేయించండి, జీమెయిల్ అయితే అనుమానంగా చూస్తారు. నైన్త్ నుంచి మార్కులు అడుగుతారు, కాబట్టి పాత స్కూల్‌కి వెళ్లి నైన్త్ మార్కుల మెమో సీలు వేయించి తెచ్చుకోండి, టెన్త్ మెమో ఉంది చాలు అనుకోవద్దు.

ఇక డబ్బు. మీరు ఒక్క లైనులో తేల్చేశారు, నేను తేల్చలేను. అక్కడ ఫీజు, హాస్టల్, తిండి అన్నీ కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటింది. నాలుగేళ్లకి మన డబ్బుల్లో మూడు కోట్ల పైమాటే. షాద్‌నగర్ ప్లాట్ ఎంతకు పోతుందో నాకంటే మీకు బాగా తెలుసు. ఎర్లీ డెసిషన్ అంటే కట్టుబడి ఉండాలి, సీటిస్తే మిగతా అన్ని కాలేజీలకి వేసినవి వెనక్కి తీసుకుని అక్కడే చేరతానని పిల్లాడు, తల్లిదండ్రి, కాలేజీ వాళ్లు ముగ్గురూ సంతకం పెట్టాలి. ఆర్థిక సాయం అడిగి, వాళ్లిచ్చింది సరిపోకపోతే వదులుకోవచ్చు, అది ఒప్పుకుంటారు. కానీ అసలు సాయమే అడగకుండా, డబ్బులున్నాయని రాసి, సీటొచ్చాక లేవంటే మాట పోతుంది.

అడిగితే ఇంకో చిక్కుంది. అమెరికా పిల్లల విషయంలో పెన్ వాళ్లు ఇంటి స్తోమత చూడకుండా సీటిస్తారు, మన దేశం వాళ్ల విషయంలో సాయం అడిగాడా లేదా అన్నది కూడా చూస్తారు, అంటే అడిగితే చాన్స్ ఇంకాస్త తగ్గుతుంది. వచ్చిందంటే మాత్రం లెక్క ప్రకారం అవసరమైనంతా ఇస్తారు, లోన్ కాదు, గ్రాంటే. మొదట్లో అడగకుండా రెండో ఏడు అడుగుదాంలే అనుకుంటే కుదరదు. మూడేళ్ల కింద నా దగ్గరే ఒక ఫ్యామిలీ, వేరే స్కూల్‌కి, సాయం అడిగితే సీటు రాదేమో అని భయపడి అడగకుండా ఎర్లీలో వేశారు. నేను వద్దన్నా, కానీ గట్టిగా అనలేదు. డిసెంబర్‌లో సీటొచ్చింది, స్వీట్లు పంచారు, జనవరిలో బ్యాంకు వాళ్లు ఆస్తి విలువ లెక్కేసి చెప్పిన రోజు ఆ తండ్రి మా ఆఫీసులో ఫ్యాన్ కింద అరగంట మాట్లాడకుండా కూర్చున్నాడు. చేరలేదు. అప్పట్నుంచి ఈ విషయంలో మెత్తగా మాట్లాడటం మానేశా.

కాబట్టి నా మాట ఇది: వార్టన్‌కి ఎర్లీలో వేయాలనుకుంటే సాయం అడిగే వేయండి, ఐటీ రిటర్నులు, షాపు లెక్కలు ఉన్నవి ఉన్నట్టు పెట్టి. వస్తే మహా అదృష్టం, రాకపోతే డిసెంబర్ మధ్యలోనే తెలిసిపోతుంది, ఇంకా టైం ఉంటుంది. దాంతోపాటే నవంబర్ 1కి ఇండియానా యూనివర్సిటీలోని బిజినెస్ స్కూల్ కెల్లీకి ఎర్లీ యాక్షన్‌లో వేయొచ్చు, అది పబ్లిక్ యూనివర్సిటీ, కట్టుబడి ఉండక్కర్లేదు, పెన్ వాళ్లు దానికి అడ్డు చెప్పరు. సింగపూర్ మాత్రం సీరియస్‌గా చూడండి, ఎన్‌యూఎస్, ఎన్‌టీయూ, ఎస్‌ఎంయూ అని మూడు యూనివర్సిటీల్లో బిజినెస్ ఉంది, అక్కడి ప్రభుత్వం ట్యూషన్ గ్రాంట్ తీసుకుంటే ఫీజు బాగా తగ్గుతుంది, బదులుగా చదువయ్యాక మూడేళ్లు అక్కడ ఉద్యోగం చేయాలి. నాకైతే అది శిక్షలా అనిపించదు.

ఇండియాలో ఐఐఎం ఇండోర్ వాళ్ల ఐపీఎం (ఇంటిగ్రేటెడ్ ప్రోగ్రామ్ ఇన్ మేనేజ్‌మెంట్) ఉంది, 2011 నుంచి నడుస్తోంది, ఇంటర్ తర్వాత ఐదేళ్లు, చివర్లో ఎంబీఏ చేతికొస్తుంది. ఎంట్రన్స్ మేలో ఉంటుంది, అందులో మ్యాథ్సే ఎక్కువ, శాట్ మ్యాథ్స్ 780 తెచ్చినవాడు దానికి భయపడక్కర్లేదు, కాకపోతే వెర్బల్ ఇక్కడా ఉంది, అక్టోబర్ శాట్‌కి చదివిన ఇంగ్లిష్ ఇక్కడికీ పనికొస్తుంది. దీన్ని "రాకపోతే ఇది" అన్నట్టు బాబు ముందు మాట్లాడకండి, పిల్లలు అలా అన్నదాన్ని సగం మనసుతో రాస్తారు.

ఈ ఆదివారం వాడి వీకెండ్ టెస్ట్ అయ్యాక ఇద్దరూ రండి, భోజనం చేసి మూడింటికి వచ్చినా పర్లేదు. ఒలింపియాడ్ ఫైలు అక్కర్లేదు. ఆ ఎర్ర బైండు పుస్తకం తీసుకురండి, ఓనర్ ఇచ్చిండా అన్న కాలమ్ మొదటిసారి ఎందుకు పెట్టాలనిపించిందో మీరు పక్కన మాట అందించకుండా వాణ్ని చెప్పనివ్వాలి, నేను రాసుకుంటా.