అమెరికాలో యానిమే (జపాన్ యానిమేషన్ సిరీస్‌లు) అమ్మి, ఆన్‌లైన్‌లో చూపించిన ఫ్యూనిమేషన్ మూతపడితే అభిమానులకు అంత కోపం ఎందుకు? అన్నీ అలాంటిదే అయిన క్రంచీరోల్‌లో ఉన్నాయి కదా?

అన్నీ లేవండీ. డబ్బు పెట్టి కొన్నవి లేవు. కోపమంతా అక్కడే.

2024 ఏప్రిల్ 2న ఫ్యూనిమేషన్ ఆగిపోయింది. చందాదారులను క్రంచీరోల్‌కు మార్చారు. నెలకు 5.99 డాలర్లు కట్టేవాళ్ళు 7.99 కట్టవలసి వచ్చింది. గొణుక్కున్నారు, కట్టారు. అసలు గొడవ డిజిటల్ కాపీలది. డీవీడీ, బ్లూరే పెట్టెల్లో ఒక చీటీ ఉండేది. దానిమీది కోడ్ ఎక్కిస్తే ఆ సిరీస్ మన ఖాతాలో చేరేది. అది ఎప్పటికీ మనదేనని, కాకపోతే కొన్ని షరతులున్నాయని కంపెనీ చెప్పింది. ఆ షరతుల్లో పెద్దది ఏమిటో 2024 ఫిబ్రవరిలో అందరికీ తెలిసింది: కంపెనీ ఉన్నంత కాలమే మనది. ఆ కాపీలకు క్రంచీరోల్‌లో చోటు లేదన్నారు.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. సోనీ 2017లో 14.3 కోట్ల డాలర్లు పెట్టి ఫ్యూనిమేషన్‌లో 95 శాతం వాటా కొన్నది. 2021లో ఆ ఫ్యూనిమేషన్ చేతులమీదుగానే 117.5 కోట్ల డాలర్లకు క్రంచీరోల్‌ను కొనిపించింది. చివరికి కొన్నవాడి పేరు పోయి, అమ్ముడుపోయినవాడి పేరు మిగిలింది. ఇల్లరికం వెళ్ళిన అల్లుడు ఇంటిపేరు కూడా మార్చుకున్నట్టు.

నేను ఉండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. ఫ్యూనిమేషన్ ఆఫీసు చాలా ఏళ్ళు ఫ్లవర్ మౌండ్‌లో ఉండేది, మాకు దగ్గరే. నా దగ్గర వాళ్ళ పెట్టెలు పాతిక దాకా ఉన్నాయి. కోడ్ చీటీలు ఒక్కటీ వాడలేదు. ముందుచూపు అనుకునేరు, ఒట్టి బద్ధకం. వార్త వచ్చిన రోజు మా అమ్మాయి పెట్టెలన్నీ తెరిచి చీటీలు ఏరి బల్లమీద పరిచింది. "నాన్నా, ఇవన్నీ ఇప్పుడు చిత్తు కాగితాలేనా?" అంది. డిస్కులు మాత్రం ఆడుతున్నాయి.

అసలు నా కోపం అంతకన్నా చాలా పాతది. 2007, 2008 నాటి మాట. ఆర్లింగ్టన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. క్యాంటీన్‌లో గిన్నెలు కడిగితే గంటకు ఏడు డాలర్లు. అప్పట్లో సిరీస్ మొత్తం ఒకేసారి దొరికేది కాదు. రెండు నెలలకు ఒక డిస్కు వచ్చేది, అందులో నాలుగైదు ఎపిసోడ్లు, ధర 29.98. ఇరవై ఆరు ఎపిసోడ్ల కథకు ఆరు డిస్కులు, అంటే 180 డాలర్లు. నేను ఉండే గదిలో నా వంతు అద్దె 150.

అయినా కొన్నాను. మొదటి డిస్కుతో పాటు ఆరు డిస్కులు పట్టే గట్టి అట్టపెట్టె ఇచ్చారు, చుట్టూ రంగుల బొమ్మ. లోపల ఉన్నది ఒక్క డిస్కే కాబట్టి అది కదలకుండా మిగతా ఖాళీలో తెల్లటి అట్టదిమ్మ పెట్టారు. కొత్త డిస్కు వచ్చినప్పుడల్లా బ్లేడుతో ఆ దిమ్మను ఒక డిస్కు మందం కోసేవాడిని. ఆ కోసే పని సిరీస్ చూడటం కన్నా బాగుండేది. మా గదిలో ఖమ్మం అబ్బాయి ఒకడు ఉండేవాడు. "ఏరా, ఎపిసోడుకు ఒక గంట గిన్నెలు కడుగుతున్నావా?" అనేవాడు. లెక్క తప్పేమీ కాదు.

నాలుగు డిస్కులు చేరాయి. అయిదోదానికి ముందే డబ్బు కట్టాను. ఒక రోజు దుకాణం నుంచి ఉత్తరం వచ్చింది: డిస్కు రాదు, డబ్బు వెనక్కి ఇస్తున్నాం. కంపెనీ పేరు ఎందుకు లెండి, ఇప్పుడు లేనే లేదు. నాలుగో డిస్కు చివర కథలోని పిల్ల ఎన్నాళ్ళుగానో మూసి ఉన్న గది తలుపు మీద చెయ్యి వేసింది. అక్కడ ఆగింది. నన్ను వెక్కిరించిన ఖమ్మం అబ్బాయే మిగతా ఎపిసోడ్లు ఇంటర్నెట్‌లో ఎక్కడినుంచో దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాడు. పౌరుషానికి మూడు రోజులు ముట్టుకోలేదు. నాలుగో రోజు రాత్రి చూశాను.

ఆ కాలంలో అమెరికాలో యానిమే డిస్కులు అమ్మే కంపెనీలు ఒకదాని వెనుక ఒకటి పోయాయి. 2007లో జెనియన్ అమెరికాలో అమ్మకాలు ఆపేసింది. 2009లో సెంట్రల్ పార్క్ మీడియా దివాలా తీసింది, అదే ఏడాది ఏడీవీ తన ఆస్తులు అమ్ముకుంది. 2012 మొదట్లో బందాయ్ ఎంటర్‌టైన్‌మెంట్ కొత్తవి విడుదల చెయ్యనని ప్రకటించింది. అందరూ తప్పు ఉచితంగా దించుకునేవాళ్ళ మీదకు తోస్తారు. నేను ఒప్పుకోను. యానిమే బాగా అమ్మిన సన్‌కోస్ట్ దుకాణాల యజమాని మ్యూజిక్‌ల్యాండ్ 2006 జనవరిలోనే దివాలా తీసింది. అమ్మే అరలే లేనప్పుడు డిస్కులు ఎవరు కొంటారు? దానికి తోడు ఆ కంపెనీలు పోటీపడి జపాన్ నుంచి హక్కులను వేలంపాటలా కొన్నాయి. పెన్‌డ్రైవ్ అబ్బాయి పాపం ఏం చేశాడు?

మన దేశంలో కూర్చుని ఫ్యూనిమేషన్ కోసం ఏడ్చేవాళ్ళను చూస్తే మాత్రం నాకు నవ్వు వస్తుంది. వాళ్ళ సేవలు అక్కడికి రానే లేదు. మనవాళ్ళు ఏడవవలసింది 2017 ఏప్రిల్‌లో, యానిమే చూపించే యానిమాక్స్ టీవీ ఛానల్ తీసేసి పిల్లల ఛానల్ సోనీ యాయ్ పెట్టినప్పుడు. ఇప్పుడు విజయవాడలో మా మేనల్లుడు క్రంచీరోల్‌లో తెలుగు డబ్బింగ్ చూస్తున్నాడు. డబ్బింగ్ బాగానే ఉంది, కాకపోతే పదహారేళ్ళ కుర్రాడు ధారావాహికలో మామగారిలా మాట్లాడతాడు. "మామయ్యా, డిస్కులు ఎందుకు, అన్నీ ఫోనులో ఉన్నాయి కదా" అంటాడు. మీరు అడిగిందీ అదే. ఉన్నాయి, రేపు తీసేసేదాకా.

ఆ పాత సిరీస్ హక్కులు కొన్నేళ్ళకు ఇంకో కంపెనీ కొని, మొత్తం ఇరవై ఆరు ఎపిసోడ్లనూ 30 డాలర్లకు అమ్మింది. నేను ఒక్క డిస్కుకు పెట్టిన డబ్బు! కొన్నాను. ఆ సన్నటి డబ్బా పాత పెట్టెలో పెడితే అటూ ఇటూ జారిపోతుంది, అందుకే బయటే ఉంది. పాత పెట్టెలో నాలుగు డిస్కులు, రెండు డిస్కుల ఖాళీ. అట్టదిమ్మ ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయింది. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ ఆ ఖాళీ చూసి అగరుబత్తీల పెట్టె పెట్టింది, సరిగ్గా పట్టింది. ఇప్పటికీ నాలుగో డిస్కు తీస్తే గంధం వాసన వస్తుంది.