‘ఇచ్చాడు’ అనే ముందు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. తండ్రీకూతుళ్ళ మధ్య మాటల్లేని ఆ సాయంత్రాన్ని నువ్వు నడిపిన తీరు నాకు ఎంతో నచ్చింది. అయితే చివరి పుటలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ముప్పై ఏళ్ళు తన జేబులో ఉన్న కలాన్ని ఆ తండ్రి కూతురికి ‘బహూకరించాడు’ అని రాశావు. ఆ క్రియ పడగానే గదిలో ఒక వేదిక వెలిసింది. అంతవరకు పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు సభాధ్యక్షుడు, మరొకరు విజేత అయిపోయారు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, కానీ ఇచ్చిపుచ్చుకోవడానికి మనకున్న మాటలన్నీ ఇలాంటివే కనుక కొంచెం విస్తరించి చెబుతాను.

బహుమతి అంటే మొదట వస్తువు కాదు, ఒకరిని గొప్పగా తలచడం. బహుమానం అంటే మిక్కిలి గౌరవం. ఆ గౌరవానికి గుర్తుగా చేతికి అందించే వస్తువుకు తరువాత అదే పేరు వచ్చింది. పురస్కారమూ అంతే, ఒకరిని ముందు నిలపడం దాని అర్థం. పారితోషికంలో ఉన్నది పరితోషం. మెచ్చినవాడు తన సంతోషం కొద్దీ ఇచ్చేది అది. ముందుగా మాట్లాడుకొని తీసుకునే సొమ్మును కూడా పత్రికలు ఇప్పుడు పారితోషికమే అంటున్నాయి. వాడుక స్థిరపడింది కనుక తప్పు పట్టను, కానీ నీ వాక్యంలో సంతోషం ఉందో, ఒప్పందం మాత్రమే ఉందో చూసుకొని ఆ మాట వాడు.

కానుక దారి వేరు. ‘కను’, ‘కాను’ అనే చూపు మాటలతో దానికి చుట్టరికం చెబుతారు. తమిళంలో కాణిక్కై, కన్నడంలో కాణికె దాని తోబుట్టువులు. పెద్దవారిని చూడబోతూ చేత పట్టుకువెళ్ళేది కానుక. బహుమతి పైనుంచి దిగుతుంది, కానుక కిందినుంచి ఎక్కుతుంది. నేటి వాడుకలో కానుక మెత్తబడి సమానుల మధ్య కూడా చెల్లుతున్నది గానీ, సమర్పించడం, అర్పించడం ఇప్పటికీ పైకే చూస్తాయి. ప్రసాదించడం, అనుగ్రహించడం ఇప్పటికీ కిందికే చూస్తాయి. అధికారి గుమాస్తాకు సెలవు ప్రసాదించాడని రాస్తే ఆ అధికారిని దేవుణ్ణి చేసినట్టే. తెలిసి చేస్తే అది మంచి వాక్యం కావచ్చు.

తొలి రోజుల్లో నేను రాసిన ఒక కథలో ఉపాధ్యాయుడు తన పుస్తకాన్ని బీద విద్యార్థికి దానం చేస్తాడు. అచ్చయ్యాక ఒక పాఠకుడు ఉత్తరం రాశారు: ఆ కుర్రవాడు కథంతా తల ఎత్తుకొని నడిచాడనీ, నేను ఒక్క మాటతో అతని చేత చేయి చాపించాననీ. ఆయన చెప్పింది నిజం. దానం గొప్ప మాటే, కానీ అందులో రెండు చేతులు రెండు ఎత్తుల్లో ఉంటాయి. పోతన భాగవతంలో బలి చక్రవర్తి మురిసింది కూడా ఇందుకే: లక్ష్మీదేవిని లాలించిన చేయి కింద ఉండగా, తన చేయి పైన ఉండబోతున్నదని. ఆ ఎత్తు నీ కథకు అవసరమైనప్పుడే దానం అను.

వ్యాకరణం కూడా ఈ సంగతి ఆలోచించింది. పుచ్చుకునేవానికి సంస్కృత వ్యాకరణంలో సంప్రదానం అని పేరు. చక్కగా, పూర్తిగా ఇచ్చివేయడం అందులోని భావమని కొందరు వ్యాఖ్యాతలు చెబుతారు. అందుకే ఉతకడానికి బట్టలు ఇచ్చేచోట, సంప్రదానాన్ని తెలిపే చతుర్థీ విభక్తి కూడదన్నారు, ఆ బట్టలు తిరిగి వస్తాయి కనుక. తెలుగులో రెండుచోట్లా ‘కు’ ప్రత్యయమే కనుక ఆ భారాన్ని క్రియ మోస్తుంది. ఉతకడానికి బట్టలు ‘వేస్తాం’. ‘పుస్తకం ఇచ్చాడు’ అంటే ఇవ్వడం మాత్రమే తెలుస్తుంది. ‘పుస్తకం ఇచ్చేశాడు’ అంటే తీసుకున్నది తిరిగి ఇచ్చాడని గాని, తనకు మిగల్చుకోకుండా ఇచ్చాడని గాని అర్థం. ఒక్క అక్షరంలో యాజమాన్యం చేతులు మారుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట చేబదులు. పత్రం లేకుండా, వడ్డీ లేకుండా, నమ్మకం మీద చేతి నుంచి చేతికి వెళ్ళే చిన్న మొత్తం అది. దాని అసలు అందం ఎక్కడ ఉందో చూడు: తిరిగి రాదని తెలిసీ ఇచ్చేవాడు, ‘చేబదులుగా ఉంచు, తరువాత చూసుకుందాం’ అంటాడు. సాయం అంటే ఎదుటివాని తల వంగుతుంది, అప్పు అంటే గుండె బరువెక్కుతుంది. చేబదులు అంటే ఇద్దరూ ఒకే ఎత్తులో నిలబడతారు. ఒక మనిషి ఉదారుడని నువ్వు రెండు పుటలు వర్ణించనక్కరలేదు, అతని చేత ఆ మాట అనిపిస్తే చాలు. లంచం ఇచ్చేవాడు దాన్ని కానుక అన్నప్పుడు కూడా పేరే మారుతుంది, కానీ అక్కడ ఆ పేరు కాపాడేది తననే.

పరభాష నీడ పడేచోట జాగ్రత్త. ప్రసంగం ‘ఇవ్వరు’, ప్రసంగిస్తారు. పరీక్ష ‘ఇవ్వరు’, రాస్తారు. ‘ఉచిత బహుమతి’ అని రాయకు, వెల కట్టి తీసుకునేది బహుమతి ఎలా అవుతుంది? పైగా ఉచితం అంటే మొదట తగినది అని. ఉచితానుచితాలు అన్నప్పుడు ఆ అర్థం ఇంకా బతికే ఉంది. మనకు ‘ఇచ్చు’ పక్కనే ‘పెట్టు’ ఉంది. అన్నం పెడతాం, ముద్దు పెడతాం, పేరు పెడతాం. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గానీ ఇవ్వదనరు. మాట ఇస్తాం, చనువు ఇస్తాం, చోటు ఇస్తాం. ఈ జతలను నిఘంటువులో కంటే ఇంట్లో పెద్దవాళ్ళ నోట వినడం మేలు.

అలా వింటే నీకు ఇంకొకటి తెలుస్తుంది. ఇచ్చేవాళ్ళు ‘ఇస్తున్నాను’ అని అనడం చాలా అరుదు. ‘ఇదుగో’ అంటారు, ‘తీసుకో’ అంటారు, ‘నీ దగ్గర ఉంచు’ అంటారు. నీ కథలోని తండ్రి అసలే మాట తక్కువ మనిషి. అతడు కలం తీసి కూతురి పుస్తకం మీద పెట్టి, ‘పాళీ కొంచెం గీరుతుంది’ అని ఊరుకుంటాడని నాకు అనిపిస్తున్నది. అక్కడ బహూకరించడమూ వద్దు, ఇవ్వడమూ వద్దు. ఆ పుట మళ్ళీ రాసి పంపు. ఆమె కలాన్ని వెంటనే చేతిలోకి తీసుకుందో, కాసేపు అక్కడే ఉండనిచ్చిందో తెలుసుకోవాలని ఉంది.